పొరుగువారి నేలపై కొండబాట



సైకిలు అనగానే ఉద్యోగస్థుల సభలో మొదట స్ఫురించునది ఆఫీసు. ఒకప్పుడు ఢిల్లీ నగరమున ఉదయము పూట సెక్రటేరియటు వైపునకు సాగిపోవు సైకిళ్ళ వరుసలు చూడదగిన దృశ్యముగా నుండెడివి. ఆ సైకిలునకు చదునైన రోడ్డు కావలెను, టిఫిను డబ్బా తగిలించుటకు హ్యాండిలు కావలెను. అంతకు మించి దానికి కోరిక లేదు. నేటి ప్రసంగమునకు విషయమైన సైకిలు వేరు జాతిది. అది రోడ్డును విడిచి, రాళ్ళును చెట్ల వేళ్ళును నిండిన కొండదారిని వెదకికొని పోవును. దానిని ఎక్కువారు పని కొరకు గాక వినోదము కొరకు ఎక్కుదురు. అయితే ఆ వినోదమునకు కావలసిన దారి ఎవరి నేల మీదుగా పోవలెను, ఎవరి అనుమతితో పోవలెను అను ప్రశ్న మాత్రము వినోదము కాదు. దాని మీద ఒక పల్లెటూరి జీవనోపాధి ఆధారపడి యున్నది.

ఈ కొండ సైకిలు పుట్టినిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున, మరిన్ జిల్లాలో, టామల్‌పైస్ అను కొండయు దాని చుట్టుపట్ల మరికొన్ని గుట్టలును కలవు. 1970 తరువాతి సంవత్సరములలో ఆ ప్రాంతపు యువకులు కొందరు, తమ తాతల నాటి లావు టైర్ల సైకిళ్ళను సంపాదించి, మట్టిదారుల వెంట కొండ మీది నుండి క్రిందికి దూకింపసాగిరి. వెనుక చక్రపు ఇరుసులో నుండు బ్రేకు ఆ దిగుడునకు కాగిపోయి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. ప్రతి పరుగు తరువాతను గ్రీజును మరల కూర్చవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ దారులలో నొకదానికి 'రీప్యాక్' అను పేరు కలిగెను. అచట మొదటి పందెము 1976 అక్టోబరులో జరిగెను. 1977లో జో బ్రీజ్ అను నతడు ఈ పనికే ప్రత్యేకముగా సైకిలు చట్రమును కట్టెను. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు కలిసి అట్టి సైకిళ్ళ వ్యాపారము ప్రారంభించిరి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారి 'స్టంప్‌జంపర్' అంగడికి వచ్చిన పిదప ఆ ఆట దేశమంతట వ్యాపించెను.

ఆటతోపాటు తగవులును వ్యాపించెను. కాలినడకన పోవువారు, గుఱ్ఱములపై పోవువారు, ఇంతకాలము తమవే యనుకొన్న ఇరుకు దారులలో మలుపు వెనుక నుండి చప్పుడు లేకుండ వచ్చి పడు చక్రములను చూచి భయపడిరి, భయము కోపమైనది. కొండ సైకిలు పుట్టిన మరిన్ జిల్లాలోనే ఇరుకు దారులు అనేకము దానికి నిషిద్ధములైనవి. పుట్టినింట చోటు లేని బిడ్డ యైనదని చెప్పవచ్చును. 1964లో చేసిన అరణ్య సంరక్షణ చట్టము ప్రకారము, అమెరికాలో అట్లు ప్రకటింపబడిన మహారణ్యములలో యాంత్రిక వాహనములకు తావు లేదు. సైకిలు సైతము ఆ నిషేధములోనికే వచ్చునని అటవీ శాఖవారు 1984లో స్పష్టపరచిరి.

బ్రిటనులో కథ మరియొక విధముగా నడిచెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1968 నాటి చట్టము గుఱ్ఱపు దారులపై సైకిలు నడుపుకొను హక్కును ఇచ్చినది. నడిచిపోవువారికిని గుఱ్ఱములకును ముందు దారి ఈయవలెనను షరతు దానికి కలదు. స్కాట్లండు 2003లో ఇంకను ముందునకు పోయి, బాధ్యతతో మెలగువారికి నేల మీదను నీటి మీదను సంచరించు హక్కును చట్టమూలమున ప్రసాదించినది. వేల్సులో 'కోయెడ్ అ బ్రెనిన్' అను ప్రభుత్వపు అడవిలో 1990 తరువాత కొండ సైకిళ్ళ కొరకే బాటలు కట్టిరి. ఇచట అడవి రాజ్యముది, దారి రాజ్యముది, అనుమతియు రాజ్యముది.

రాజ్యము తలుపు మూయుట ఒకటి, తెరచుట ఒకటి. ఈ రెండింటికిని చెందని మూడవ పద్ధతి యొకటి అమెరికా ఈశాన్య భాగమున కలదు. తక్కిన ప్రసంగమంతయు దానిని గురించియే.

వెర్మాంటు చిన్న రాష్ట్రము. 2020 జనాభా లెక్కల ప్రకారము అచటి జనసంఖ్య ఆరున్నర లక్షలకు లోపు. ఉత్తరమున కెనడా దేశపు క్యూబెక్ రాష్ట్రము దానికి సరిహద్దు. ఈశాన్య మూలనున్న మూడు జిల్లాలకు 'ఈశాన్య రాజ్యము' అను ముద్దుపేరు కలదు. సెనేటరు జార్జి ఐకెన్ 1949లో ఆ పేరు పెట్టెనని ప్రసిద్ధి. పేరు రాజ్యమే గాని ఊళ్ళు బీదవి, చలి అధికము, నేల రాళ్ళమయము. పందొమ్మిదవ శతాబ్దిలో వెర్మాంటు కొండలపై అడవిని నరికి గొఱ్ఱెలను మేపిరి. ఉన్ని ధర పడిపోగా, జనము పడమటి దేశములకు తరలిపోగా, అడవి మరల వచ్చి తన చోటు తాను ఆక్రమించుకొన్నది. నేడు ఆ రాష్ట్రమున ఇంచుమించు నాలుగింట మూడు వంతులు అడవియే. దట్టమైన మేపుల్ చెట్ల నడుమ నడచిపోవుచుండగా నకస్మాత్తుగా రాతి గోడ యొకటి అడ్డము వచ్చును. అది ఏనాటి గొఱ్ఱెల దొడ్డి హద్దో. ఆ అడవిలో అధిక భాగము ప్రభుత్వముది కాదు, ప్రైవేటు వ్యక్తులది. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

అట్టి చోట బర్క్ అను ఊరు కలదు. జనము రెండువేలకు లోపే. అందులో ఈస్ట్ బర్క్ అను చిన్న పల్లె యొకటి: ఒక వీధి, ఒక చర్చి, ఒక సరకుల దుకాణము, ప్రక్కన ఏరు. తూర్పున 3,267 అడుగుల బర్క్ కొండ. దానిపై శీతకాలమున స్కీ క్రీడ. 1970లో అచట స్థాపింపబడిన స్కీ పాఠశాల నుండి ఒలింపిక్ విజేతలు వెలువడిరి. పడమట డార్లింగ్ హిల్ అను పొడవైన మిట్ట. న్యూయార్కు నగరమున హోటలు వ్యాపారమున ధనము గడించిన ఎల్మర్ డార్లింగ్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున స్వగ్రామము చేరి, ఆ మిట్టపై గొప్ప భవనమును, పశుశాలలను, పాడి క్షేత్రమును నిర్మించెను. ఆయన అనంతరము ఆ నేల చేతులు మారి, పలువురి సొత్తయ్యెను.

స్కీ ఆటకు మంచు కావలెను. మంచు కరగిన పిదప ఊరిలో పని లేదు. వేసవిలో జనమును రప్పించు ఉపాయమునకై ఊరివారు కొందరు ఆలోచించి, 1994లో 'కింగ్‌డమ్ ట్రైల్' అను లాభాపేక్ష లేని సంఘమును స్థాపించిరి. పాత బండిబాటలను, కట్టెలు లాగిన దారులను, పశువుల త్రోవలను కలుపుచు సైకిలు బాట వేయవలెనని వారి సంకల్పము. అయితే కలుపవలసిన నేల ఒకరిది కాదు. ఒకరి పచ్చిక, ఒకరి మేపుల్ తోపు, మరియొకరి ఇంటి పెరడు. వారు ఇంటింటికిని పోయి అడిగిరి. నేల కొనలేదు, కౌలుకు తీసికొనలేదు. గెజిటు ప్రకటన లేదు, పరిహారపు లెక్కలు లేవు, అప్పీలు లేదు. భూసేకరణ దస్త్రములతో పరిచయమున్నవారికి ఇది నమ్మశక్యము కాని సంగతి. క్రమముగా నూరు మంది దాక యజమానులు తమ నేల మీదుగా దారి పోనిచ్చిరి. బాటల మొత్తము పొడవు నూరు మైళ్ళు దాటెను. సైకిలు నడుపుటకు వచ్చినవారు సంఘమునకు రుసుము చెల్లించి ఒకనాటికో, ఒక సంవత్సరమునకో సభ్యులగుదురు. ఆ సొమ్ము బాటల పోషణకు పోవును. నేల నిచ్చినవారికి అద్దె లేదు.

ఒకడు తన నేలపై పరాయివానిని ఊరకనే ఎందుకు పోనిచ్చును? పోనిచ్చుటకు ముందు అతనికి మూడు భయములు కలుగును. మొదటిది, వచ్చినవాడు పడి కాలు విరుగగొట్టుకొని తనపై దావా వేయునేమో యని. అమెరికాలో ఈ భయము ఉత్త భయము కాదు. రెండవది, నేటి అనుమతి రేపటి హక్కుగా మారి, తన నేల తనకు కాకపోవునేమో యని. మూడవది, వచ్చుపోవువారి గోలచేత తన ప్రశాంతి చెడునేమో యని.

మొదటి భయమును వెర్మాంటు శాసనసభ తీర్చినది. రుసుము తీసికొనకుండ వినోదమునకై తన నేలను తెరచి యుంచిన యజమాని, బుద్ధిపూర్వకముగా గాని ఒళ్ళు తెలియని నిర్లక్ష్యముచేత గాని హాని కలిగించిననే తప్ప, వచ్చినవానికి తగిలిన దెబ్బకు బాధ్యుడు కాడని ఆ రాష్ట్రపు చట్టము. రెండవ భయమునకు సమాధానము న్యాయశాస్త్రమున మొదటి నుండియు నున్నదే. మన దేశమున 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చూచినను తెలియును: ఇరువది సంవత్సరములు ఎడతెగక, హక్కుగా నడచిన దారి హక్కగును, అనుమతి పొంది నడచిన దారి ఎన్ని ఏండ్లు నడచినను అనుమతియే. మొదటిది ఈజ్‌మెంటు, రెండవది లైసెన్సు. లైసెన్సును సాధారణముగా ఇచ్చినవాడు వెనుకకు తీసికొనవచ్చును. వెర్మాంటులో గడువు పదునైదేండ్లు. సూత్రము మాత్రము అదియే. కావున అడిగి నడచువానివలన యజమానికి ప్రమాదము లేదు. అడుగక నడచువానివలననే కలదు. పైగా ఆ రాష్ట్రమున 1777 నాటి రాజ్యాంగమే, కంచె వేయని నేలలో వేటాడు స్వేచ్ఛను ప్రజలకు ఇచ్చియున్నది. పరాయివాడు తన అడవిలో నడచుట అచటి రైతునకు వింత కాదు.

మూడవ భయమును తీర్చు చట్టము మాత్రము ఏ దేశమునను లేదు.

దానికి పోవుటకు ముందు, బాట వేయు విధమును కొంత చెప్పవలెను. ఏలయన, యజమాని మనసు మొదట నిలుచునదియు, విరుగునదియు దీనియందే. కొండవాలుపై త్రోవ వేయుమన్నచో, తెలియనివాడు శిఖరము నుండి అడుగునకు సూటిగా గీత గీయును. ఆ గీత వెంట మొదట సైకిలు పోవును. వాన కురిసిన నాడు నీరు పోవును. నీరు ఒకసారి ఆ దారి మరిగినదా, మట్టి నంతటిని కోసికొని పోయి, రెండు మూడేండ్లలో త్రోవను వాగుగా మార్చును. వాగులో సైకిలు పోలేక ప్రక్కకు తొలగును. అచట మరియొక వాగు. ఇట్లు రెండడుగుల బాట ఇరువది అడుగుల గాయమగును.

అందుచేత తెలిసినవారు బాటను వాలునకు అడ్డముగా, కొండ నడుమున చుట్టిన మొలత్రాడు వలె వేయుదురు. వాలునకు అడ్డముగా దున్నవలెనని మన మెట్ట రైతులకును తెలిసినదే. కారణము రెండు చోట్లను ఒక్కటే. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ కొండ సైకిలు సంఘము ఈ విద్యకు కొన్ని కొలతలను ప్రచారమునకు తెచ్చినది. బాట యొక్క ఎక్కుడు, దాని క్రిందనున్న కొండవాలులో సగమునకు మించరాదు. మించినచో నీరు బాటను దాటిపోక బాట వెంటనే పోవును. మొత్తము మీద సగటున నూరడుగుల నడకకు పదడుగుల ఎత్తు చాలును. బాట వెలుపలి అంచు లోపలి అంచు కంటె కొంచెము పల్లముగా నుండవలెను. రెండడుగుల వెడల్పునకు అంగుళము కంటె కొంచెము ఎక్కువ. నీరు నిలువక పలుచని పొరగా దాటి జారిపోవుటకు ఆ అంగుళమే ఆధారము. దీనికి తోడు, దిగుచున్న బాట అక్కడక్కడ ఒక్క క్షణము పైకెక్కి మరల దిగవలెను. ఆ చిన్న గుంట వద్ద నీరు దారి తప్పి అడవిలోనికి పోవును. సైకిలు నడుపువాడు దానిని తన యానందము కొరకు కట్టిన అల యనుకొనును. అనుకొననిండు, తప్పు లేదు.

ఇంత చేసియు బురద నేలలో బాట నిలువదు. అట్టి చోట్ల కట్టెల వంతెన వేయవలెను. లేదా రాళ్ళు పరువవలెను. పార, పలుగు, రంపములతో మొదలైన పని నేడు చిన్న తవ్వుడు యంత్రముల దాక వచ్చినది. అయినను కొండను చదువుట యంత్రమునకు రాదు. వాన కురియుచుండగా గొడుగు వేసికొని పోయి, నీరు ఎటు పోవుచున్నదో చూచి వచ్చినవాడే మంచి బాట వేయగలడు.

చక్రము నేలను ఎక్కువ చెరచునను అపవాదు చిరకాలముగా నున్నది. 1994లో మొంటానా రాష్ట్రమున జరిగిన పరిశోధనలో, తడిసిన త్రోవలపై గుఱ్ఱపు గిట్టలును మనుష్యుల పాదములును చక్రముల కంటె ఎక్కువ మట్టిని కదలించినట్లు తేలినది. అయితే ఈ ఫలితమును పట్టుకొని సైకిలువారు గర్వింప పనిలేదు. గుఱ్ఱములు పదియైనచో సైకిళ్ళు వేయి వచ్చుచున్నవి.

ఆ వేయి సంఖ్యయే ఈస్ట్ బర్క్‌కు వరమును, చిక్కును అయినది. బోస్టను నుండి, మాంట్రియల్ నుండి కార్ల వెనుక సైకిళ్ళు తగిలించుకొని జనము రాసాగిరి. 2019 నాటికి ఏడాదికి లక్షకు పైగా రాకలు లెక్కకు వచ్చెను. రెండువేలకు లోపు జనమున్న ఊరికి ఇది ఎంతటి వెల్లువయో ఊహింపవచ్చును. హోటళ్ళు నిండెను, సైకిలు దుకాణము, రొట్టెల దుకాణము వర్ధిల్లెను, వేసవిలో పని లేని ఊరిలో పనివారు దొరకుట కష్టమయ్యెను. ఇండ్లు కొనుటకు వెలుపలివారు వచ్చిరి. వీధికి ఇరుప్రక్కల కార్లు నిలిచెను. ట్రాక్టరుపై ఎండుగడ్డి తోలుకొను రైతు సైకిళ్ళ గుంపు తొలగు దాక తన ఊరి రోడ్డుపైనే ఆగవలసి వచ్చెను. వచ్చినవారిలో నూటికి తొంబదిమంది మర్యాదస్థులే కావచ్చును. లక్షలో మిగిలిన పదివేలు ఒక పల్లెకు చాల ఎక్కువ.

2019 డిసెంబరులో, డార్లింగ్ హిల్‌పై నేల గల ముగ్గురు యజమానులు తమ నేలపై ఇక మీదట సైకిళ్ళను రానీయమని తెలిపిరి. నడుచువారికి అభ్యంతరము లేదు, చక్రమునకే ఉన్నది. గుఱ్ఱములపై పోవువారికిని సైకిలువారికిని నడుమ పెరిగిన పొరపొచ్చెములను గురించి పత్రికలు వ్రాసినవి. వందమందిలో ముగ్గురే గదా యని తోచవచ్చును. కాని బాట గొలుసు వంటిది. నడుమ మూడు కడియములు తీసివేసిన, రెండు తుదలును ఉన్నను గొలుసు లేదు. ఎంతో పేరు పొందిన త్రోవలు కొన్ని ఆ నేలపైననే యుండెను. దూరదేశముల నుండి పటము చూచుకొని వచ్చువారికి మిట్ట నడుమ దారి తెగిపోయెను.

ఆ ముగ్గురిని నిందించినవారు లేకపోలేదు. అది న్యాయము కాదు. ఇరువదియైదేండ్లు ఉచితముగా ఇచ్చినదానిని ఒకనాడు చాలుననుటకు వారికి ధర్మతః హక్కు కలదు. అంతకాలము ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పవలసినది పోయి, ఈయనందుకు కోపించుట యాచకుని కోపము వంటిది. సంఘమువారు ఆ కోపమునకు లోబడలేదు, కోర్టునకు పోలేదు. పోయినను చెప్పుకొనుటకు హక్కు లేదు గదా. బాటలను మార్చి పటమును తిరిగి గీసిరి. 'కృతజ్ఞతతో నడుపుము' అను నినాదముతో ప్రచారము మొదలిడిరి. రోడ్డుపై వరుసకు ఒకరుగా పోవలెను. గుఱ్ఱము ఎదురైనచో దిగి నిలువవలెను. కనబడిన ఊరివానిని పలుకరింపవలెను. ఇండ్ల ముందు కారు నిలుపరాదు. వ్రాసి చూపవలసిన సంగతులా యివి యనిపించును. వ్రాయక ఇరువదియైదేండ్లు గడిచిన తరువాతనే వ్రాయవలసి వచ్చినది.

ఆ మరుసటి మార్చి మాసముననే కోవిడ్ మహమ్మారి వచ్చెను. 2020 మార్చి నుండి 2021 నవంబరు వరకు అత్యవసరము కాని ప్రయాణములకు కెనడా వైపు నుండి వచ్చు భూమార్గము మూయబడెను. క్యూబెక్ నుండి వచ్చు సైకిలువారు రాలేదు. జనము తక్కువైనచో బాగుండునని కోరినవారికిని, జనముపై బ్రతుకు దుకాణదారులకును, ఆ వేసవి రెండు విధములుగా తోచియుండును.

ఆ ఊరిలో బాటలకు కాలనియమమున్నది. మే మాసము వచ్చువరకు, మంచు కరగి నేల పిండి ముద్దవలె నున్నంత కాలము, సైకిలు నడువరాదు; ఆ దినములలో పడిన ఒక్క చక్రపు చాలు ఏడాది పొడవున మానదు. నవంబరులో జింకల వేట. అప్పుడును సైకిళ్ళకు సెలవు. తుపాకి పట్టినవానిది ఆ నెల, అతని హక్కు సైకిలు కంటె రెండువందల యేండ్లు పెద్దది. మంచు పడిన పిదప అవే బాటలపై స్కీలును లావు టైర్ల సైకిళ్ళును పోవును. ఫిబ్రవరి, మార్చి మాసములలో మేపుల్ చెట్లకు గొట్టములు తగిలించి తీపి రసమును దింపుకొను రైతులు తమ తోపులో తిరుగుచుందురు. సంఘమువారు వారి తలుపు తట్టి, ఈ యేడును త్రోవ పోనిత్తురా యని అడుగుదురు.